గొంతు కొలత: మన జీపుల కార్బురేటర్ కథ



ఈ ప్రత్యేక సంచికకు ఉద్యోగ కాలంలో చూసిన పాత పనిముట్లు, పాత పద్ధతుల చరిత్ర వ్రాసి ఇవ్వవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. నేను ఫైళ్లు నడిపినవాణ్ణి కాను, బండ్లు నడిచేట్టు చూసినవాణ్ణి. 1968లో గుంటూరులో ఒక ప్రభుత్వ శాఖ షెడ్డులో హెల్పరుగా చేరి, 2006లో ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేశాను. కనుక నాకు బాగా తెలిసిన ఒక్క వస్తువును గురించి వ్రాస్తాను. అది కార్బురేటర్. ఇప్పటి కార్ల బానెట్ ఎత్తితే అది కనిపించదు. మన మనవళ్లలో చాలామందికి దాని పేరు కూడా తెలియదు. ఒకప్పుడు మాత్రం లాగ్ బుక్కు లెక్క, ఆడిట్ అభ్యంతరము, డ్రైవరు జీతంలో రికవరీ, చివరకు ఒక మనిషి పరువు కూడా దాని గొంతు కొలత మీద ఆధారపడిన రోజులున్నాయి. ఆ పరువు సంగతి చివర మనవి చేస్తాను. అందులో నా తప్పు ఉంది.

గొంతు అంటే ఏమిటి?

పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు ఇంజనులో సరిగా మండదు. సన్నని తుంపరగా మారి గాలితో కలవాలి. తూకంలో సుమారు 15 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోలు కలిస్తే పూర్తిగా మండుతుంది. ఈ లెక్కన ఒక్క లీటరు పెట్రోలుకు దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. అంటే ఇంజను తాగేది పెట్రోలు కంటే గాలే ఎక్కువ.

ఆ గాలిని, పెట్రోలును కలిపే పని కార్బురేటర్‌ది. దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు అందరికీ గుర్తుండే ఉంటుంది. పిడి నెట్టగానే గాలి సన్నని రంధ్రంలోంచి వడిగా వచ్చి, గొట్టం మూతి మీదుగా పోతూ డబ్బాలోని మందును పైకి లాగి తుంపర చేసేది. కార్బురేటర్‌లోనూ అదే సూత్రం. గాలి పోయే గొట్టం మధ్యలో సన్నగా నొక్కినట్టు ఉంటుంది. కాలువ ఇరుకైన చోట నీరు వడి అందుకున్నట్టు, అక్కడ గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటును పూడ్చడానికి ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు జెట్ గుండా పైకి చిమ్ముతుంది. ఈ ఇరుకు భాగాన్నే వెంచురీ అంటారు. దీని గుణాన్ని 1797లో వివరించిన ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ పేరే దానికి వచ్చింది. మా షెడ్డులో దాన్ని 'గొంతు' అనేవాళ్లం.

ఈ గొంతు ఎంత వెడల్పు ఉండాలనేదే ప్రశ్న. ఇరుకైతే, ఇంజను పరుగెత్తేటప్పుడు ఊపిరి ఆడదు. మరీ వెడల్పైతే, ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు గాలికి వడి చాలదు. వడి లేకపోతే పెట్రోలు తుంపర కాదు, బొట్లు బొట్లుగా పడుతుంది. బండి ఎక్కిళ్లు పెడుతుంది. 'పెద్దది వేస్తే బలం వస్తుంది' అనేది మోటారు లోకంలో ఎంత పాత మాటో, అంత పాత పొరపాటు కూడా.

పుట్టిన విధము

తొలి మోటారు బండ్లలో పెట్రోలును చిమ్మే ఏర్పాటు లేదు. గిన్నెలోని పెట్రోలు మీదుగా గాలిని పోనిచ్చి, ఆవిరి అయినంత లాక్కునేవి. 1893లో హంగేరీలో బాంకీ, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు, అదే సంవత్సరం జర్మనీలో మైబాక్ అనే ఇంజనీరు పెట్రోలును జెట్ ద్వారా చిమ్మే పద్ధతికి వేర్వేరుగా పేటెంట్లు కోరారు. పూలు అమ్మే అమ్మాయి పూల మీద నీళ్లు చిమ్మడం చూసి బాంకీకి ఈ ఆలోచన తట్టిందని ఆ దేశంలో చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, వినడానికి బాగుంటుంది.

మన దేశపు బండ్లకు దగ్గర సంబంధం ఉన్నవి రెండు రకాలు. ఒకటి ఫ్రాన్సులో పుట్టిన సోలెక్స్. దీని గొంతు కొలత మారదు. సోలెక్స్ పేరు పక్కన 32 అని ఉంటే, థ్రాటిల్ బిళ్ల ఉండే గొట్టం 32 మిల్లీమీటర్లని అర్థం. లోపలి గొంతు అంతకంటే సన్నగా ఉంటుంది. రెండవది ఇంగ్లండులోని ఎస్.యు. ఇది స్కిన్నర్ సోదరులది. వారి ఇంటి వ్యాపారం చెప్పుల తయారీ. అందుకేనేమో, వారి మొదటి కార్బురేటర్‌లో తోలు తిత్తి ఉండేది. తరువాత తిత్తి స్థానంలో పిస్టన్ వచ్చింది. ఇంజను ఎక్కువ గాలి అడిగితే పిస్టన్ పైకి లేచి గొంతు పెద్దదవుతుంది. తక్కువ అడిగితే కిందికి దిగి చిన్నదవుతుంది. దానితోపాటే సూది కదిలి పెట్రోలును సరిచేస్తుంది. ఎవరికి ఎంత ఆకలో చూసి వడ్డించే ఇల్లాలి లాంటిది ఎస్.యు. అందరికీ ఒకే గరిటెతో వడ్డించేది సోలెక్స్. అందుకే సోలెక్స్ రకంలో గరిటె కొలత ముందే సరిగా ఎంచుకోవాలి.

మన జిల్లాలకు వచ్చిన విధము

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మన ప్రాంతంలో తిరిగిన బస్సులు ఎక్కువగా పెట్రోలువే. యుద్ధకాలంలో పెట్రోలుకు రేషన్ రావడంతో బస్సు వెనుక కొలిమి లాంటి డబ్బా కట్టి, బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో ఇంజను నడిపారు. అవే మన పెద్దలు చెప్పుకునే బొగ్గు బస్సులు. బొగ్గు గ్యాసుతో ఇంజను బలం మూడో వంతు నుంచి సగం దాకా పడిపోయేది. నేను చేరిన కొత్తలో మా హెడ్ మెకానిక్ గారు, "మిట్ట వస్తే జనం దిగి తోసేవాళ్లు. కార్బురేటర్ విలువ ఆ రోజుల్లో తెలిసిందిరా" అనేవారు.

యుద్ధం తరువాత జీపు వచ్చింది. 1947లో మహీంద్రా సంస్థ మన దేశంలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. యుద్ధకాలపు జీపు ఇంజను 2199 సి.సి. నాలుగు సిలిండర్లు. నిమిషానికి 4000 చుట్లు తిరిగినప్పుడు 60 హార్స్ పవర్ ఇచ్చేది. ఆ తరువాతి జీపుల్లో వాల్వుల అమరిక మారి బలం పెరిగినా, సి.సి. మాత్రం అదే. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఆ మధ్య కాలంలోనూ, ఆ తరువాతా మాచర్ల, వినుకొండ, నరసరావుపేట మొదలు ఒంగోలు వైపు దాకా సర్వేలకు, కాలువ పనులకు, వ్యవసాయ విస్తరణకు తిరిగిన ప్రభుత్వ వాహనం జీపే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టినప్పుడు, కొత్త ఆఫీసులకు వెళ్లినవాటిలోనూ జీపులే ఎక్కువ.

పెద్ద అధికారులకు అంబాసిడర్. ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో దీన్ని మొదలుపెట్టారు. తరువాత వచ్చిన 1489 సి.సి. ఇంజనుకు ఎస్.యు. కార్బురేటర్ ఉండేది. మిర్చి, పొగాకు వ్యాపారస్తులకు 1089 సి.సి. ఫియట్. దానికే తరువాత ప్రీమియర్ పద్మిని అని పేరొచ్చింది. దానికి సోలెక్స్.

ఇక మన నేల సంగతి. నల్లరేగడి వానకు జిగురు, ఎండకు నెర్రెలు. వానాకాలంలో పర్చూరు వైపు డొంకల్లో జీపు దిగితే, ఫోర్ వీల్ వేసి మొదటి గేరులో మైళ్లకు మైళ్లు ఈడవవలసిందే. వేసవిలో మిరప కల్లాల పక్కన పోతే దుమ్ముతోపాటు ఘాటు. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ వారానికొకసారి కడగకపోతే అడుగున బురద పేరుకునేది. అలా మూసుకుపోయిన క్లీనరు కూడా గాలిని తగ్గించి పెట్రోలు ఎక్కువ తాగిస్తుంది. దానికి కార్బురేటర్‌ను నిందించి స్క్రూలు తిప్పినవారు చాలామంది ఉన్నారు. నేల స్వభావం చెప్పకుండా మన బండ్ల కార్బురేటర్ కథ చెప్పలేము. ఎందుకంటే మా జీపులు జీవితంలో ఎక్కువ భాగం మెల్లగా తిరిగే ఇంజనుతోనే గడిపాయి.

1978 నాటి సంగతి

1977 నవంబరు 19 తుపాను మన తీరాన్ని ఎంత ధ్వంసం చేసిందో వేరే చెప్పనక్కరలేదు. దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల ప్రాంతాలు దెబ్బతిన్నాయి. సహాయక పనులకు అన్ని శాఖల జీపులు రాత్రింబవళ్లు తిరిగాయి. మా షెడ్డుకు తిరిగొచ్చేసరికి ఒక్కటీ సవ్యంగా లేదు. వాటిలో ఒక జీపు కార్బురేటర్‌లో ఉప్పునీరు చేరి లోపల పొక్కిపోయింది.

ఆ జీపులో తిరిగే అధికారికి బండి బాగా లాగాలి. నాకప్పుడు 30 ఏళ్లు. చెయ్యి తిరిగిన మెకానిక్‌నని గర్వం. షెడ్డు వెనుక కండెమ్ చేసిన పాత పెట్రోలు లారీ ఒకటుండేది. ఆరు సిలిండర్ల ఇంజను. దాని కార్బురేటర్ విప్పి, లేతు మీద మధ్యన ఒక ప్లేటు చేయించి, నాలుగు సిలిండర్ల జీపుకు బిగించాను. వ్రాతపూర్వకంగా ఉత్తర్వు లేదు. అధికారి నోటిమాట, నా ఉబలాటం, అంతే.

ట్రయల్‌కు చిలకలూరిపేట రోడ్డు మీదికి తీసుకువెళ్లాం. నున్నటి రోడ్డు, టాప్ గేరు. జీపు గుర్రంలా దూకింది. అధికారి నా భుజం తట్టారు. ఆ పూట నాకు నేల మీద కాలు నిలవలేదు.

బండిని డొంకల్లోకి తీసుకుపోయాక అసలు సంగతి బయటపడింది. మెల్లగా పోతూ యాక్సిలరేటర్ నొక్కితే ఎక్కిళ్లు, తరువాత ఒక్క దూకుడు. డ్రైవరు నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. "ఏరా అబ్బాయ్, దీని గొంతులో ఏదో అడ్డం పడిందిరా" అన్నాడాయన. నిజానికి గొంతులో అడ్డమేమీ లేదు. ఖాళీ ఎక్కువైంది. అది గ్రహించక, ఎక్కిళ్లు పోగొట్టడానికి జెట్లు పెద్దవి వేశాను. ఎక్కిళ్లు తగ్గాయి. సైలెన్సరులో నల్లపొగ మొదలైంది. ప్లగ్గులు మసి పట్టాయి. ఇంజను ఆయిల్ వాసన చూస్తే పెట్రోలు వాసన వచ్చింది.

అంతకుముందు ఆ జీపు డొంకలు, రోడ్లు కలిపి లీటరుకు 6 కిలోమీటర్లు ఇచ్చేది. ఇప్పుడు నాలుగున్నర. నెలకు 1200 కిలోమీటర్లు తిరిగే బండి 200 లీటర్లు తాగవలసింది, 267 లీటర్లు తాగింది. మూడు నెలలకు ఆడిట్ వచ్చింది. బాబాయికి మెమో ఇచ్చారు. నెలకు 67 లీటర్ల తేడాకు సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆయన ఇచ్చిన సంజాయిషీ తృప్తికరంగా లేదని జీతంలో నెలకు 40 రూపాయల చొప్పున రికవరీ మొదలైంది. అప్పటికి నా భుజం తట్టిన అధికారి బదిలీ అయిపోయారు. పెట్రోలు అమ్ముకుంటున్నాడని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి.

ఒకరోజు బాబాయ్ షెడ్డుకు వచ్చి జీపు పక్కన నిలబడి అడిగాడు. "అబ్బాయ్, నువ్వు చెప్పరా. నేను పెట్రోలు తాగానా, అమ్మానా?"

నేను జవాబు చెప్పలేదు. స్పానర్ తుడుస్తూ నిలబడ్డాను. నాకు ప్రమోషన్ ఫైలు నడుస్తోంది. ఉత్తర్వు లేకుండా కార్బురేటర్ మార్చానని తెలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నిజం చెప్పాలంటే, తప్పు కార్బురేటర్‌దేనని కూడా అప్పటికి నాకు పూర్తిగా తెలియదు. అనుమానం మాత్రం ఉంది. అనుమానం ఉండి అడగకపోవడం కూడా తప్పే.

మద్రాసులో నేర్చుకున్న లెక్క

కొద్ది రోజులకు సామాను కొనుగోలుకు నన్ను మద్రాసు పంపారు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో మోటారు సామాను దుకాణాలు వరుసగా ఉంటాయి. ఒక దుకాణంలో పెద్దాయన తెలుగువారే. ఆ రోజుల్లో మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద మోటారు రేసులు జరిగేవి. రేసు బండ్లవాళ్లకు కావలసిన సామాను ఆయన దగ్గర దొరికేది. నేను జెట్లు చూపించి ఇంకా పెద్దవి కావాలని అడిగాను. ఆయన జెట్లు ఇవ్వలేదు. ఒక ప్రశ్న వేశారు.

"మీ బండి రోజంతా ఎన్ని చుట్లు తిరుగుతుంది నాయనా?"

నాకు అర్థం కాలేదు. ఆయన బిల్లు పుస్తకం వెనుక లెక్క వేసి చూపించారు. ఆ లెక్కను ఈనాటికీ మరువలేదు.

ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి తన సి.సి. అంత గాలి పీలుస్తుంది. కనుక సి.సి.ని లీటర్లలోకి మార్చి, సగం చేసి, నిమిషానికి తిరిగే చుట్లతో గుణించాలి. జీపు 2.2 లీటర్లు. సగం 1.1. చుట్లు 4000. గుణిస్తే నిమిషానికి 4400 లీటర్లు. ఏ ఇంజనూ పూర్తిగా నిండదు. వాల్వులు, మలుపులు అడ్డుపడతాయి. మామూలు ఇంజనుకు నూటికి 80 పాళ్లు నిండుతుందనుకుంటే 3500 లీటర్లు. ఇది జీపు ఎన్నడైనా అడగగల అత్యధిక గాలి. డొంకలో మొదటి గేరులో అది 1500 చుట్లు తిరుగుతుందనుకోండి. పూర్తిగా నొక్కినా అడిగేది 1300 లీటర్లే. సగం నొక్కితే ఇంకా తక్కువ.

"లారీకి ఆరు సిలిండర్లు. దాని గొంతు అంతకు సరిపడా చేశారు. మీ బండి దాని ముందు పసిపిల్ల. పసిపిల్లకు పెద్ద గ్లాసుతో పాలు పోస్తే తాగినది కొంచెం, ఒలికినది ఎక్కువ" అన్నారాయన. ఆ ఒలికిన పాల ఖరీదే బాబాయి జీతంలోంచి పోతున్నదని నాకు అప్పుడు తెలిసింది.

"మరి రేసు బండ్లకు పెద్దవి వేస్తారు కదండీ?" అని అడిగాను. "వాళ్లు మెల్లగా పోరు కదా" అన్నారు. రేసులో ఇంజను ఎప్పుడూ పై చుట్లలోనే ఉంటుంది. వాల్వులు, క్యామ్, సైలెన్సరు అన్నీ దానికి తగ్గట్టు మారుస్తారు. అప్పుడు పెద్ద గొంతుకు పని ఉంటుంది. ఒక్క కార్బురేటర్ మాత్రం పెద్దది వేసి తక్కినవి అలాగే ఉంచితే, వాకిలి వెడల్పు చేసి గది ఇరుకుగా ఉంచినట్టు.

అమెరికాలో ఇదే లెక్కను ఘనపుటడుగుల్లో చేస్తారు. ఇంజను కొలతను క్యూబిక్ అంగుళాల్లో తీసుకొని, చుట్లతో గుణించి, 3456తో భాగిస్తారు. 350 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజను 6000 చుట్లు తిరిగితే 608 ఘనపుటడుగులు వస్తుంది. నూటికి 85 పాళ్లు నిండితే 516. కనుక 600 కొలత కార్బురేటర్ ధారాళంగా సరిపోతుంది. అయినా 850 కొని బిగించి, వీధి మలుపులో బండి ఎక్కిళ్లు పెడుతోందని విసుక్కునేవాళ్లు అక్కడా ఉన్నారట. పొరపాటుకు దేశం లేదు.

గొంతుకు ఎంత శక్తి ఉందో 1988లో ఆ దేశపు నాస్కార్ రేసులవారు మరో రకంగా చూపించారు. అంతకుముందు ఏడు టాలడేగా ట్రాకు మీద ఒక కారు గాలిలోకి లేచి ప్రేక్షకుల కంచెను ఢీకొట్టింది. వేగం తగ్గించాలనుకున్నారు. ఇంజను మార్చలేదు. టాలడేగా, డేటోనా ట్రాకుల్లో కార్బురేటర్ కింద చిన్న రంధ్రాలున్న ప్లేటు పెట్టమన్నారు. అంత పెద్ద ఇంజన్లూ బుద్ధిగా నెమ్మదించాయి.

మన దక్షిణాదిలో రేసు బండ్ల తయారీకి పేరు తెచ్చినవారిలో కోయంబత్తూరు కరివర్ధన్ గారు ముఖ్యులు. తెలుగు మూలాలున్న లక్ష్మీ మిల్లు కుటుంబం వారిది. 796 సి.సి. మారుతి ఇంజనుతో ఆయన ఫార్ములా కార్లు తయారుచేయించి, కుర్రవాళ్లకు రేసు అందుబాటులోకి తెచ్చారు. 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. చిన్న ఇంజనైనా తక్కినవన్నీ దానికి తగ్గ కొలతలో ఉంటే వేగం వస్తుందనడానికి ఆ కార్లే సాక్ష్యం.

ఐదు లీటర్ల డబ్బా

మద్రాసు నుంచి వచ్చిన మర్నాడే ఫోర్‌మన్ గారి దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "కాగితం మీద పెట్టగలవా?" అన్నారు. పెడతానన్నాను.

ట్యాంకు పైపు విప్పి, ఐదు లీటర్ల డబ్బా ఎత్తున కట్టి, దాని నుంచి నేరుగా కార్బురేటర్‌కు పైపు ఇచ్చాము. ఆఫీసు నుంచి ఒక గుమాస్తా గారు సాక్షిగా కూర్చున్నారు. లారీ కార్బురేటర్‌తో పర్చూరు డొంకల్లో ఒక డబ్బా ఖాళీ అయ్యేదాకా నడిపాము. 22 కిలోమీటర్లు వచ్చింది. షెడ్డుకు తిరిగి వచ్చి జీపుకు సరైన కార్బురేటర్ కొత్తది బిగించి, అవే డొంకల్లో మరో డబ్బా నడిపాము. 30 కిలోమీటర్లు దాటింది. రెండుసార్లూ నడిపింది బాబాయే. గుమాస్తా గారు రెండు అంకెలూ వ్రాసుకొని సంతకం చేశారు.

రికవరీ ఆగింది. అప్పటికే పోయిన డబ్బు తిరిగి రావడానికి మూడేళ్లు పట్టింది. ఉత్తర్వు లేకుండా విడిభాగం మార్చినందుకు నాకు మందలింపు, ప్రమోషన్ ఒక ఏడాది వెనక్కి. అది న్యాయమే. బాబాయ్ నాతో కోపంగా ఒక్క మాట అనలేదు. పదవీ విరమణ రోజున దండ మెడలో వేయించుకొని, నన్ను పక్కకు పిలిచి, "డబ్బు సంగతి మరిచిపోయానురా అబ్బాయ్. ఆ నాలుగు నెలలు మా ఆవిడ నా ముఖంలోకి చూసిన చూపు మాత్రం మరవలేను" అన్నాడు. ఆ మాట నాకు మెమో కంటే బరువుగా తగిలింది. ఫోర్‌మన్‌నయ్యాక ఏ డ్రైవరు మీద పెట్రోలు తేడా వచ్చినా, ముందు ఐదు లీటర్ల డబ్బా కట్టి చూడకుండా కాగితం మీద సంతకం పెట్టలేదు.

తరువాతి చరిత్ర

1973 తరువాత పెట్రోలు ధర పెరుగుతూ వచ్చింది. క్రమంగా మా షెడ్డులోకి డీజిల్ జీపులు వచ్చాయి. డీజిల్‌కు కార్బురేటర్ లేదు, పంపు ఉంటుంది. 2000 సంవత్సరం నుంచి దేశమంతటా కాలుష్య ప్రమాణాలు బిగించడంతో పెట్రోలు కార్లకూ ఇంజెక్షన్ వచ్చింది. కంప్యూటర్ క్షణక్షణం గాలిని కొలిచి, దానికి తగినంత పెట్రోలు చిమ్ముతుంది. 2012లో నాస్కార్ అగ్రశ్రేణి రేసులు కూడా కార్బురేటర్‌ను విడిచిపెట్టాయి. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2020లో వచ్చిన బి.ఎస్. 6 నిబంధనలతో కొత్త మోటారు సైకిళ్ల నుంచి కూడా కార్బురేటర్ దాదాపు పోయింది. పర్చూరు 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. మేము ట్రయల్ నడిపిన డొంకల్లో కొన్ని ఇప్పుడు తారురోడ్లు.

అయినా కార్బురేటర్ మన పల్లెలను పూర్తిగా విడిచిపోలేదు. పత్తి, మిరప రైతు వీపున తగిలించుకునే పవర్ స్ప్రేయరుకు ఇప్పటికీ చిన్న కార్బురేటర్ ఉంటుంది. 1980లలో పత్తి మీద తెల్లదోమ, పచ్చపురుగు విరుచుకుపడిన కాలంలో స్ప్రేయర్లు పట్టుకొని మా ఊరి రైతులు నా దగ్గరకు వచ్చేవారు. "జోరు పెంచు మేస్త్రీ, జెట్ కొంచెం పెద్దది చెయ్యి" అనేవారు. నేను చేసేవాణ్ణి కాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి, లెక్క చెప్పి, క్లీనర్ కడిగి పంపేవాణ్ణి. కొందరు నన్ను చాతకానివాడన్నారు. మందు విషయంలోనూ అదే జరిగింది. ఎక్కువ కొడితే ఎక్కువ పని చేస్తుందన్న నమ్మకంతో కొట్టినకొద్దీ పురుగు మందుకు అలవాటు పడింది. 1987-88లో మన రెండు జిల్లాల్లో పత్తి రైతులు ఎంత నష్టపోయారో, ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనలో వ్యవసాయ శాఖవారికి నాకంటే బాగా తెలుసు.

కనుక మిత్రులారా, ఒక మెకానిక్‌గా నేను చెప్పగలిగినది ఇంతే. బండికి ఏ కొలత సరైనదని అడిగితే, అది రోజూ చేసే పని ఏమిటో ముందు అడగాలి. దాని ఆకలి ఎంతో లెక్క కట్టాలి. ఆ పైన కొలత దానంతట అదే తేలుతుంది. బండి లెక్క తప్పినప్పుడు మనిషిని అనుమానించే ముందు ఒక డబ్బా కట్టి చూడాలి.

బాబాయ్ ఇప్పుడు లేరు. ఆయన పిల్లలు బాగున్నారు. ఈ సంచిక వారి కంటబడితే, నాలుగు నెలలు నోరు విప్పని ఆ కుర్ర మెకానిక్ తన తప్పును అచ్చులో ఒప్పుకున్నాడని తెలుసుకుంటారు.

సెలవు.